తూము దగ్గరి ఎర్రగుడ్డ

నా కుర్చీలోకి కొత్తగా వచ్చిన నస్రీన్, నాకు దండ వేసి సాగనంపిన రోజున నన్ను పక్కకు తీసుకెళ్ళి ఒక మాట అడిగింది. "మేడమ్, ఈ ఉద్యోగంలో అన్నిటికన్నా కష్టమైన పని ఏది?" చేతిలో కేకు ముక్క ఉంది, ఫొటోలకు పిలుస్తున్నారు. "చెదపురుగులతో వేగడం తల్లీ" అని నవ్వేసి తప్పించుకున్నాను. ఇంటికొచ్చి కాళ్ళు చాపుకుని కూర్చున్నాక ఆ జవాబు నాకే నచ్చలేదు. ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలని అడిగింది, నేను వేళాకోళం చేసి పంపాను. అందుకే ఇది రాస్తున్నాను.

నేను చేసింది లైబ్రేరియన్ ఉద్యోగం. నెల్లూరు తీరంలో ఒక చిన్న మత్స్య పరిశోధన కేంద్రం, అందులో ఒక పొడవాటి గది, ఆ గదికి నేను. పుస్తకం అడిగితే ఇవ్వడం, తిరిగిస్తే తీసుకోవడం, మధ్యలో కునుకు తీయడం, ఇదే లైబ్రేరియన్ పని అని చాలామంది అనుకుంటారు. మా పెద్ద ఆడపడుచు ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. "నీకేం సుగుణా, ఫ్యాను కింద జీతం" అనేది. ఫ్యాను సంగతి నిజమే, కరెంటు ఉన్నప్పుడు.

పదోన్నతులు, బదిలీలు, ఆడిట్ బాధలు ఇందులో రాయడం లేదు. అవి అన్ని ఆఫీసుల్లోనూ ఒకలాగే ఉంటాయి. నాకు పని నేర్పిన మనుషుల గురించి మాత్రం రాస్తాను. వాళ్ళలో ఇద్దరికి మా లైబ్రరీలో సభ్యత్వం కూడా లేదు.

తాళంచెవుల గుత్తి

నేను చేరినప్పుడు మా పై అధికారిగా ఉన్న పెద్దాయన చాలా నిజాయితీపరుడు, మహా పిరికివాడు. అల్మారాలన్నిటికీ తాళాలు వేయించి, ఆ గుత్తి నా చేతిలో పెట్టి అన్నాడు: "అమ్మాయ్, పుస్తకం పోతే నీ జీతంలో కోస్తారు. చదివేవాడు పోతే ఎవరూ కోయరు. గుర్తు పెట్టుకో." ఆయన చెప్పింది ఆఫీసు లెక్కలో అక్షరాలా నిజం. అందుకే ఆ మాట ఇన్నాళ్ళూ నాకు గుర్తుంది. ఆయన హయాంలో మా లైబ్రరీలో ఒక్క పుస్తకం పోలేదు. ఒక్కడు చదివిన పాపానా పోలేదు.

నేను పెరిగింది కావలిలో. మా అమ్మ చర్చి తరఫున ఇల్లిల్లూ తిరిగి బైబిలు చదివి వినిపించేది. ఆమె చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. అయినా వాకిట్లో చాప వేసుకుని కూర్చుని చదువుతుంటే, చేతిలో బియ్యం చాట ఉన్నవాళ్ళు ఆ చాటతోనే వచ్చి కూర్చునేవాళ్ళు. మధ్యలో ఆపి ప్రశ్నలు వేసేవాళ్ళు. అమ్మ విసుక్కోకుండా వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివేది. పుస్తకం అంటే నలుగురి మధ్య పెట్టుకునేదని నాకు చిన్నప్పుడే తెలుసు. అలాంటిదాన్ని తీసుకొచ్చి తాళాల గదిలో కూర్చోబెట్టారు. పెద్దాయన రిటైరయిన మర్నాడు అల్మారాలన్నీ బార్లా తీసి, గుత్తిని డ్రాయరు అడుగున పడేశాను. ఆ డ్రాయరుకు తాళం లేదు.

"నా పేపరు నాకే లేదా?"

తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే రోడ్డుకు ఒక పక్క వరి, ఒక పక్క రొయ్యల గుంటలు. అక్కడి ఒక ఊరి నుంచి పెంచలయ్య మా లైబ్రరీకి వచ్చాడు. ఊరి పేరు రాయను, వాళ్ళు వద్దన్నారు. చెప్పులు గుమ్మం బయట విడిచి, తలుపు దగ్గరే నిలబడి అడిగాడు.

"మేడమ్, పోయిన పంటకి మా రొయ్యలన్నీ చచ్చిపోయినాయి. మీ సార్లు వచ్చి సీసాల్లో నీళ్ళు పట్టుకొని, చచ్చిన రొయ్యల్ని ఐసులో పెట్టుకొని పోయినారు. దాని మీద ఏందో రాసినారంట గదా. అది ఈడ ఉంటాదని చెప్పినారు."

"ఉంటుంది అన్నా, కూర్చో" అని గొప్పగా కంప్యూటరు ముందు కూర్చున్నాను. పేపరు రాసినాయన ప్రభాకర్ గారు, మా కేంద్రంలోనే సైంటిస్టు, నాలుగు గదుల అవతల కూర్చుంటాడు. ఒక పెద్ద విదేశీ పత్రికలో అచ్చయింది. పేపరు పేరు కనిపించింది, ఆయన పేరు కనిపించింది, మొదటి పేరా కనిపించింది. ఆ తర్వాత డబ్బు కడితేనే మిగతాది చూపిస్తానంది. ఆ పత్రికకు చందా కట్టే స్తోమత మాకు లేక ఎప్పుడో మానేశాం.

ప్రభాకర్ గారిని పిలిపించాను. ఆయన వచ్చి తన పేరుతో ప్రయత్నించాడు. ఆయన్నీ డబ్బు కట్టమంది.

"అదేందమ్మా, నా పేపరు నాకే లేదా?" అన్నాడు.

పెంచలయ్య నవ్వలేదు. "సారూ, రొయ్యలు మావి, నీళ్ళు మావి. రాసింది మీరు. మరి మధ్యలో వీడెవుడు?" అని అడిగాడు. 

అతనికి ఆ పేపరుతో చాలా అవసరం ఉంది. రెండు గుంటల్లో ఒకటి అప్పటికే కౌలుకు ఇచ్చేశాడు. మిగిలిన గుంట కూడా పోతే అతనూ భార్య రమణమ్మా వేరేవాళ్ళ గుంటల్లో మేత వేసే కూలికి పోవాలి. జబ్బు పడిన గుంట నీళ్ళను కాలువలోకి ఎప్పుడు వదలవచ్చు, కింది గుంటలవాళ్ళు ఏం జాగ్రత్త పడాలి అన్నదే ఆ పేపరులో ఉన్న విషయం. పెంచలయ్య గుంట కాలువకు అట్టడుగున ఉంది. పైవాళ్ళు ఏం వదిలినా చివరికి అతని గుంటకు నీళ్ళు తోడే మోటారులోకే వస్తుంది.

పత్రికవాళ్ళతో ప్రభాకర్ గారు చేసుకున్న ఒప్పందాన్ని బయటికి తీయించి కూర్చుని చదివాను. ఆయన చదవకుండానే సంతకం పెట్టాడట. అందరూ అలాగే పెడతారట. అచ్చయిన ప్రతిని పంచకూడదు గానీ, తాను రాసి పంపిన ప్రతిని నలుగురికీ చదివి వినిపించడానికి అడ్డేమీ లేదని అందులోనే ఒక మూల ఉంది. ఈ ఉద్యోగంలోకి వచ్చేవాళ్ళకు ఒక మాట చెబుతాను. మీ సైంటిస్టులు సంతకం పెట్టే కాగితాన్ని వాళ్ళకంటే ముందు మీరు చదవండి. వాళ్ళు చదవరు. వాళ్ళకు పేరు అచ్చులో చూసుకోవాలన్న తొందర ఉంటుంది, అది తప్పని నేననను.

నేనూ ప్రభాకర్ గారూ కూర్చుని ఆ పేపరును తెలుగులోకి తెచ్చాం. ఆయన "సంక్రమణ" అని రాస్తే నేను "అంటుకోవడం" అని కొట్టేసేదాన్ని. మూతి ముడుచుకునేవాడు. ఒకరోజు సాయంత్రం పెంచలయ్య గుంట కట్ట మీద మేత బస్తాల షెడ్డులో చదివాను. ముప్పావు షెడ్డు నిండింది. మా అమ్మ దగ్గరికి వచ్చినట్టే చేతిలో పనితోనే వచ్చారు, కాకపోతే బియ్యం చాటలకు బదులు వలలు.

"మా గుంట పేరు యాడుండాది?" అని మధ్యలో అడిగాడు పెంచలయ్య.

"పేర్లు రాయరన్నా. నమూనా అని ఒక అంకె వేస్తారు."

"అంకె అయిపోయినామా!" అంది రమణమ్మ వెనక నుంచి. అందరూ నవ్వారు. చదవడం అయ్యాక ఆమే దగ్గరికి వచ్చింది. "మా రొయ్యలు చచ్చి మీకు చదువు అయింది మేడమ్. ఆ చదువు మళ్ళీ మా కాడికి తెచ్చినారు. ఇట్టా తెచ్చినోళ్ళు ఇంతకుముందు లేరు" అంది. నా ఉద్యోగ జీవితంలో నాకు దక్కిన మెప్పుల్లో అంతకంటే పెద్దది లేదు. ఆ రోజు ఆటోలో తిరిగి వస్తూ నేను ఏడ్చాను. ప్రభాకర్ గారు చూసీ చూడనట్టు రోడ్డు వైపు తిరిగి కూర్చున్నాడు.

గుడ్డ కట్టడం

అప్పటి నుంచి ఆ షెడ్డులో మా చదువులు అలవాటయ్యాయి. మేం వాళ్ళకు కొన్ని చెప్పాం, వాళ్ళు మాకు కొన్ని చూపించారు. అలా చూపించినవాటిలో ఎర్రగుడ్డ ఒకటి.

రొయ్యల గుంటల మీద కాకులూ కొంగలూ వాలకుండా దారాలు కట్టి, వాటికి పాత చీరల పీలికలు వేలాడదీస్తారు. ఒక గుంటలో చచ్చిన రొయ్యను కాకి తెచ్చి ఇంకో గుంటలో పడేసిందంటే జబ్బు అక్కడికీ వచ్చేసినట్టే. అందుకని ఆ కాలువ పొడుగునా ఎక్కడ చూసినా రంగురంగుల పీలికలే. కొత్తగా వచ్చినవాళ్ళకు అదంతా ఒకటే గందరగోళం.

కానీ కాలువలోకి నీళ్ళు వదిలే తూము దగ్గర ఒక కర్ర ఉంటుంది. మామూలు రోజుల్లో దానికి ఏమీ కట్టరు. గుంటలో తెల్లమచ్చ జబ్బు కనిపించిన మరుక్షణం ఆ రైతు ఆ కర్రకు ఎర్రగుడ్డ కట్టాలి, తూము మూసేయాలి. ఒక్క బొట్టు కూడా కాలువలోకి వదలకూడదు. గుడ్డ చూసినవాళ్ళు మోటార్లు ఆపేస్తారు. ఎవరూ ఫోన్ చేయరు, ఎవరూ అడగరు. కట్టినవాడి గుంట పాడైనా కిందివాళ్ళవి నిలుస్తాయి. వచ్చే పంటకు వాళ్ళు కడితే తనది నిలుస్తుంది.

కొనుగోలు ఏజెంట్లకు మాత్రం ఈ సంగతి తెలియనివ్వరు. ఎవరైనా "ఆ గుడ్డ ఏంది?" అని అడిగితే "కాకులకి" అంటారు. ఇందులో మోసమేమీ లేదు. ఆ జబ్బు రొయ్యకే గానీ తినే మనిషికి కాదు. కానీ కాలువలో ఒక్క గుంటకు జబ్బు వచ్చిందని తెలిస్తే చాలు, ఏజెంట్లు ఆ కాలువ మీద ఉన్న బాగున్న గుంటల రొయ్యలకూ ధర కోసేస్తారు. రైతు భయంలో ఉన్నాడని వాళ్ళకు తెలిసిపోతుంది. అందుకే గుడ్డ సంగతి కాలువవాళ్ళ మధ్యే ఉండాలి. పెంచలయ్యలాంటి అడుగునున్న రైతుకు ఆ గుడ్డే ప్రాణం.

తలుపులన్నీ తీసిన మనిషి

తర్వాత కొన్నాళ్ళకు ప్రభాకర్ గారు డైరెక్టరు అయ్యాడు. నేను చూసిన అధికారులందరిలో నాకు ఇష్టమైనవాడు ఆయనే, నన్ను ఎక్కువ విసిగించిందీ ఆయనే. తన పేపరు తనకే తెరుచుకోని రోజును ఆయన మరిచిపోలేదు. మా కేంద్రం నుంచి వెళ్ళే ప్రతి పేపరూ ఎవరైనా ఉచితంగా చదువుకునేలా ఉండాలని పట్టుబట్టాడు. పాత నివేదికలన్నీ స్కాన్ చేయించి వెబ్‌సైటులో పెట్టించాడు. పైనుంచి అక్షింతలు పడ్డాయి. "పడనీ సుగుణమ్మా, జుట్టు ఎలాగూ లేదు" అని బట్టతల తడుముకునేవాడు. ఇప్పుడు ఏ మారుమూల కాలేజీ పిల్లాడైనా ఫోనులో మా నివేదిక చదువుకుంటున్నాడంటే అది ఆయన పుణ్యమే. ఆ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను.

ఆ ఊపులోనే ఒక తెలుగు పుస్తకం తెచ్చాడు. రొయ్యల జబ్బుల గురించి, రైతుల కోసం, రంగుల బొమ్మలతో, ఉచితంగా. చాలా మంచి పుస్తకం. అందులో "రైతుల సొంత తెలివి" అని ఒక అధ్యాయం పెట్టాడు. తూము కర్రకు కట్టిన ఎర్రగుడ్డ బొమ్మ వేసి, దాని అర్థం వివరించి, ఇలాంటి రైతులు దేశానికి ఆదర్శమని మెచ్చుకున్నాడు. కిందనే ఊరి పేరు కూడా. చదివి అందరం మురిసిపోయాం. ఆ పేజీ ఫోను గ్రూపుల్లో ఊళ్ళకు ఊళ్ళు తిరిగింది. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు.

రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడుల కాలం వచ్చింది. ఏజెంట్లు కాలువ వెంబడి బైకుల మీద వచ్చి, గుంటలకంటే ముందు తూము కర్రలు చూడటం మొదలుపెట్టారు. ఒకచోట గుడ్డ కనిపించింది. మొత్తం కాలువ ధర పడిపోయింది. దాంతో గుడ్డ కట్టినవాడి మీద మిగతావాళ్ళంతా విరుచుకుపడ్డారు. ఆ తర్వాత జబ్బు వచ్చినా గుడ్డ కట్టినవాడు లేడు. నోరు మూసుకుని, తూము ఎత్తి, నీళ్ళు కాలువలోకి వదిలి, ఉన్న రొయ్యలు తెగనమ్ముకున్నారు. ఆ నీళ్ళు కిందికి వచ్చాయి.

నేను ఎప్పటిలాగే చదవాల్సిన కాగితాలతో షెడ్డుకు వెళ్ళాను. ఎవరూ రాలేదు. రమణమ్మ ఒక్కతే కుళాయి దగ్గర కూర్చుని, గుంటలోకి దించి రొయ్యల్ని చూసే మేత పళ్ళెం తోముతోంది. ఆమె ముఖం చూసి నాకు అర్థమైంది.

"మొత్తం పోయినాయా రమణమ్మా?"

"పోయినాయి మేడమ్." తల ఎత్తలేదు. "ఆయన ఇంట్లో పండుకోనుండాడు. గుంట కౌలుకి అడుగుతా ఉండారు. ఈ ఒక్క పంటకి చూద్దామంటా ఉండా నేను. ఆయన ఇనడంలే."

"పైవాళ్ళు గుడ్డ కట్టలేదా?"

అప్పుడు తల ఎత్తింది. "ఎట్టా కడతారు మేడమ్? గుడ్డ కడితే ఊరంతా మునుగుతాది, కట్టకపోతే మేము మునుగుతాం. మీ పుస్తకంలో మమ్మల్ని శానా బాగా పొగిడినారు. పొగిడే ముందు ఒక్క మాట అడగబళ్ళేదా?"

 ఆ పళ్ళెం అందుకుని కాసేపు నేనూ తోమాను. వద్దని లాక్కోలేదు ఆమె.

కట్ట మీద డైరెక్టరు

తిరిగి వచ్చి ప్రభాకర్ గారికి చెప్పాను. మొదట ఆయన ఒప్పుకోలేదు. కుర్చీలోంచి లేచి గదంతా తిరిగాడు.

"వాళ్ళ తెలివిని దేశానికి చూపించాం. అది తప్పా? దాచిపెట్టుకుంటే చదువు ఎలా పెరుగుతుందమ్మా? ఆ పత్రికవాడు దాచాడనే కదా మనం ఇంత గోల చేసింది!"

నాకు కోపం తక్కువేమీ కాదు. "సార్, ఆ రోజు మీకు కోపం ఎందుకొచ్చింది? మీ పేపరును ఎవరికి ఇవ్వాలో మిమ్మల్ని అడక్కుండా ఇంకొకడు తేల్చాడని. ఈ రోజు వాళ్ళ గుడ్డను ఎవరికి చూపాలో వాళ్ళను అడక్కుండా మనం తేల్చాం. ఆ పత్రికవాడు మూసి చెడగొట్టాడు, మనం తెరిచి చెడగొట్టాం. అడక్కపోవడం మాత్రం రెండుచోట్లా ఒకటే" అన్నాను.

ఆయన కూర్చున్నాడు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఒక వివరణ రాసి పంపుదాం" అన్నాడు.

"రాతతో చెడిందానికి మళ్ళీ రాతా? బయల్దేరండి సార్" అన్నాను.

డైరెక్టరు జీపులో కాకుండా నాతోపాటు ఆటోలో వచ్చాడు. అది ఆయన సొంత ఆలోచన. షెడ్డులో జనం బాగానే చేరారు గానీ, ఒక్కరూ పలకరించలేదు. ఆయన నిలబడే మాట్లాడాడు. అడక్కుండా రాశామని, అది పొరపాటని, దానివల్ల ఎవరెవరికి నష్టం వచ్చిందో తనకు తెలుసని చెప్పాడు. వెబ్‌సైటులో ఆ అధ్యాయం తీసేయించానన్నాడు.

"తీసేస్తే ఫోన్లలో ఉండేది పోతాదా సారూ?" అని అడిగాడు పెంచలయ్య. గోడకు ఆనుకుని కూర్చున్నాడు, మనిషి సగమయ్యాడు.

"పోదు" అన్నాడు ప్రభాకర్ గారు.

పై గుంటల రైతు ఒకాయన లేచాడు. "ఇంక వీళ్ళని కాలువ మీదికి రానీయబాకండి. సీసాలు ఎత్తుకోని వస్తే ఎనక్కి పంపీండి. మన సంగతులు మన కాడే ఉంటాయి." చాలామంది అవునన్నారు. మా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. నిజం చెప్పాలంటే, వాళ్ళు చెప్పిందే న్యాయమనిపించింది.

అప్పుడు రమణమ్మ మాట్లాడింది. అంతవరకూ సభలో ఆమె వెనక నుంచి ఒక మాట విసరడమే గానీ ముందుకొచ్చి మాట్లాడింది లేదు.

"రావద్దంటే రారు. మరి మన నీళ్ళల్లో ఏముండాదో రేపు ఎవురు చెప్తారు? మేతలమ్మే వాడా? వాడు చెప్పేది వాడి డబ్బా అమ్ముకునేదానికి. ఫోన్లలోది పోదని ఈయన నిజం చెప్పినాడు. పోతాది అని చెప్పుంటే నేనే లేపి పంపుండేదాన్ని." ప్రభాకర్ గారి వైపు తిరిగింది. "సారూ, మా గుంటల గురించి ఏది రాసినా ముందు ఈడికొచ్చి చదవాల. అచ్చుకి ఎనక పంపుకోండి. మేము ఒద్దన్నది ఒద్దు. దానికి సరేనంటే రాండి."

"మీరు వద్దన్నదాంట్లో పక్క కాలువ రైతులకు తెలియాల్సిన జబ్బు సంగతి ఉంటే?" అని అడిగాడాయన. ఆ పరిస్థితిలో అలా అడగడానికి గుండె కావాలి. అదీ ఆయన.

పెంచలయ్య కదిలాడు. "దాన్ని మేము దాచం సారూ. పక్క కాలువోళ్ళు మా సుట్టాలు, పరాయోళ్ళా? మేమే పోయి చెప్తాం. మీరూ మాతో రాండి. ఊళ్ళ పేర్లు, గుర్తులు, అయ్యి మాత్రం మావి."

"సరే" అన్నాడు ప్రభాకర్ గారు. షెడ్డులో ఎవరో కాఫీ పెట్టమన్నారు. నాకు ఊపిరాడింది.

ఆగమంటే ఆగడం

ఆ తర్వాత నేను రిటైరయ్యేదాకా మా పద్ధతి అదే. పేపరు ఏదైనా సరే, ముందు తెలుగులో కట్ట మీద చదవడం. ఎవరైనా చెయ్యి ఎత్తితే ఆ వాక్యం దగ్గర ఆగడం. ఎందుకు వద్దో వాళ్ళు చెబుతారు, ఎందుకు కావాలో మేం చెబుతాం. కొన్నిసార్లు వాళ్ళు ఒప్పుకున్నారు, కొన్నిసార్లు మేం కొట్టేశాం. మిగిలిందంతా, అంటే తొంభై పాళ్ళు, లోకంలో ఎవరైనా ఉచితంగా చదువుకునేలా పెట్టాం.

ఇది సుఖమైన పద్ధతని చెప్పను. పేపర్లు ఆలస్యమయ్యాయి. ఒక కుర్ర సైంటిస్టు "నా పేపరుకు రైతుల సంతకమా?" అని అలిగి వేరేచోటికి వెళ్ళిపోయాడు. వాన పడితే చదువు ఆగిపోయేది. ఒకసారి ఒకే పేరా మీద పొద్దుగుంకేదాకా వాదించుకున్నాం, చివరికి అసలు ఆ పేరాయే అనవసరమని తేలింది. ఎవరైనా మీకు "అంతా తెరిచేయండి" అనో "అంతా మూసేయండి" అనో చెబితే వాళ్ళు ఎప్పుడూ కట్ట మీద కూర్చోలేదని నా అభిప్రాయం. ఏది ఎవరిదో అడిగి తెలుసుకోవడానికి టైము పడుతుంది, ఆ టైము జీతంలో భాగమే అనుకోండి.

పెంచలయ్య గుంట కౌలుకు పోలేదు. రమణమ్మ ఒక్క పంటకు గడువు అడిగి గెలుచుకుంది. ఆ పంట మధ్యలో పైన ఒక గుంటకు జబ్బు వచ్చింది. పొద్దున సీసాలతో వెళ్ళిన మా వాళ్ళ వెంట నేనూ ప్రభాకర్ గారూ వెళ్ళేసరికి ఆ తూము మూసి ఉంది, కింద మోటార్లన్నీ ఆగిపోయి ఉన్నాయి. తూము కర్ర మీద ఎర్రగుడ్డ లేదు. ఏజెంట్లు బైకుల మీద వచ్చి కర్రలు చూసి వెళ్ళిపోయారు. అంటే కాలువవాళ్ళు గుడ్డకు బదులు ఇంకేదో గుర్తు ఎంచుకున్నారు. అదేమిటో మాకు తెలియదు, మేం అడగలేదు. ప్రభాకర్ గారు నా వైపు చూసి, మోటార్లు ఆగిన ఆ కాలువను చూసి, చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పెంచలయ్య రొయ్యలు నిలబడ్డాయి. ఆ ఆదివారం మా చర్చిలో దేవుడికి స్తోత్రం చెప్పినప్పుడు నా మనసులో ఉన్నవి ఆ రొయ్యలే. పాస్టరుగారికి చెప్పలేదు లెండి.

నాకు దక్కిన వీడ్కోలు

నేను రిటైరయిన రోజు పెంచలయ్య, రమణమ్మ వచ్చారు. వెనక వరసలో కూర్చున్నారు. ఉపన్యాసాలన్నీ అయ్యి, నస్రీన్ ప్రశ్న కూడా అయ్యాక, రమణమ్మ నా చెయ్యి పట్టుకుని కొబ్బరి చెట్ల వైపు తీసుకెళ్ళింది. అటూ ఇటూ చూసి, నా చెవిలో ఆ కొత్త గుర్తు ఏమిటో చెప్పింది.

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం?" అన్నాను. 

"ఇన్నాళ్ళూ నువ్వు ఆఫీసు మనిషివి గదక్కా. ఈ రోజుతో నువ్వూ కాలువ మనిషివే." అంతవరకూ నన్ను మేడమ్ అనేది. అక్కా అనడం అదే మొదలు.

నాకు వేసిన దండలు, ఇచ్చిన శాలువాలు, వెండి దీపపు కుందె, అన్నిటికీ కృతజ్ఞురాలిని. పెద్దాయన తాళాలకు కూడా, ఎందుకంటే తీసేవాళ్ళకు పని మిగిల్చాడు. ప్రభాకర్ గారికి అన్నిటికంటే ఎక్కువ. పొరపడినప్పుడు ఆటో ఎక్కే డైరెక్టర్లు మీకూ దొరకాలని కోరుకుంటున్నాను. కానీ ఆ చెవిలో మాట లాంటి బహుమతి ఇంకొకటి లేదు.

ఈ రాతను అచ్చుకు ఇచ్చే ముందు షెడ్డుకు తీసుకెళ్ళి చదివాను. అలవాటు ప్రకారం ఆగమన్నచోట ఆగాను. రమణమ్మ రెండుచోట్ల చెయ్యి ఎత్తింది. ఆ రెండూ ఇందులో లేవు. ఎర్రగుడ్డ సంగతి ఎలాగూ బయటపడిందే కాబట్టి ఉండనిమ్మన్నారు. "కొత్తది రాసినావా?" అని అడిగింది. లేదన్నాను. "ఇంకోసారి సదువు, ఇంటాం" అంది. మొత్తం మళ్ళీ చదివాను.

నస్రీన్, నువ్వు అడిగినదానికి ఇదే నా జవాబు. వెతికి పెట్టడం కష్టం కాదు, తలుపులు తెరవడం కూడా కష్టం కాదు. తెలిసినదాన్ని, అది ఎవరిదో వాళ్ళు చెప్పేదాకా, నోట్లో పెట్టుకుని కూర్చోవడం కష్టం. నాలాంటి వాగుడుకాయకు మరీ కష్టం.

మొన్న బస్సులో ఆ దారిన వెళ్తూ కిటికీలోంచి కాలువ వైపు చూశాను. పైనుంచి కిందిదాకా గుంటలన్నీ బాగున్నాయి. పెంచలయ్యదీ బాగుంది. ఎలా తెలిసిందని మాత్రం అడక్కండి.